నీళ్ళ బేరం

గడచిన వేసవిలో మా అన్న ఊరినుంచి ఫోను చేసి నన్నొక సలహా అడిగాడు. మా అన్న నన్ను సలహా అడగటం అరుదు. సేద్యం సంగతి నాకేమీ తెలియదని ఆయన నమ్మకం. అది నిజం కూడాను.

"ట్యాంకరాయన వచ్చినాడు పాపా. మన బోరు నీళ్ళు తోలుకుంటాడంట. నెలకింత అని ముందే ఇస్తానంటాడు. చీనీ తోట ఎట్లా సగం ఎండిపోయె. పంట పెట్టి నష్టపోయేదానికంటే నీళ్ళమ్ముకునేది మేలు గదా. చదువుకున్నదానివి, నువ్వేమంటావు?"

నేను "వద్దన్నా" అన్నాను. ఎందుకు వద్దో వెంటనే చెప్పలేకపోయాను. నీళ్ళు అమ్ముకోవటం తప్పు అన్న మాట నా నోటివరకూ వచ్చి ఆగిపోయింది. కారణం సామాన్యమైనది. సరిగ్గా ఆ సమయానికి మా ఇంటి ముందు 5,000 లీటర్ల ట్యాంకరొకటి ఆగి, నా తొట్టెలోకి నీళ్ళు వదులుతున్నది. ఆ నీళ్ళు ఏ ఊరివో, ఏ చేలో పైరు పడుకోబెట్టి తెచ్చినవో నేను ఏనాడూ అడిగి ఎరగను. డబ్బిచ్చి రసీదు కూడా పుచ్చుకోకుండా లోపలికి పోవటమే నా అలవాటు.

కొనేవాళ్ళకు లేని దోషం అమ్మేవాళ్ళకు ఎక్కడిది? ఈ ప్రశ్నకు సమాధానం వెతుక్కుంటూ పోతే, నా చదువుదాకా, మా నాయన పద్దుల పుస్తకందాకా పోవలసివచ్చింది. ఆ ప్రయాణమే ఈ వ్యాసం.

మాది అనంతపురం జిల్లాలో ఒక మెట్ట గ్రామం. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదీ అదనుకు పడితే. సుమతి శతకకారుడు ఊరికి వుండవలసినవాటిలో అప్పిచ్చువాణ్ణీ, ఎండని ఏటినీ ఒకే పద్యంలో లెక్కపెట్టాడు. తరగతిలో ఆ పద్యం చెప్పినప్పుడల్లా నాకు మా ఊరు గుర్తుకువస్తుంది. మా ఊళ్ళో మొదటివాడు ఎన్నడూ కరువు కాలేదు. ఏరు మాత్రం లేదు. తరువాత తరువాత, బోర్లు వచ్చినాక, అప్పిచ్చువాడూ ఏరూ ఒకే మనిషి అయిపోవటం కూడా నేను చూశాను. ఆ మనిషి మా నాయనే.

నీళ్ళు సరుకు కాకముందు రోజులు చాలా మంచివని మనలో చాలామంది నమ్ముతారు. చలివేంద్రాల సంగతీ, బాటసారికి కుండనిండా నీళ్ళుంచిన ఇల్లాలి సంగతీ చెబుతారు. అవి అబద్ధాలు కావు. కాని నాకు గుర్తున్న మా ఊరి చేదబావి సంగతి వేరు. మా పక్క చేను మామ, ఆయన భార్య మాదిగవాళ్ళు. వరసలు పెట్టి పిలుచుకునేవాళ్ళం, కాని అత్త బావి గట్టు ఎక్కేది కాదు. బిందె కింద పెట్టుకుని, ఎవరైనా పోస్తారా అని నిలబడేది. ఏడేళ్ళ పిల్లను నేను చేది, ఎత్తునుంచి ఆమె బిందెలో పోసేదాన్ని. బిందెకు బిందె తగలకూడదని మా అవ్వ నేర్పింది. దానికి ధర లేదు. ధర లేని ఆ నీళ్ళకోసం ఆమె గంటలకొద్దీ నిలబడేది. 1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు నీళ్ళు అంబేద్కర్ దోసిట పట్టి తాగినప్పుడు, ఆ నీళ్ళకూ ధర లేదు. పురపాలక సంఘం చెరువు అది, అందరిదీ అని కాగితంమీద రాసి వున్నదే. అందరిదీ అన్నది ఎవరిదో తేల్చటానికి ఒక సత్యాగ్రహం కావలసివచ్చింది.

కనుక నీళ్ళు సంతలోకి రాగానే స్వర్గం కూలిపోయిందని నేను చెప్పలేను. కూలిపోయినది స్వర్గం కాదు గనుక.

1999లో మా నాయన 280 అడుగులకు బోరు వేయించాడు. టెంకాయ అరచేతిలో పెట్టుకుని పాయింటు చూసినాయన చెప్పినచోటే రెండించుల నీళ్ళు పడ్డవి. ఊరంతా వచ్చి చూసింది. పక్క చేలో మామకు డి.కె.టి. పట్టా భూమి మూడెకరాలు, నలభై అడుగుల బావి, ఒక ఆయిలింజను వుండేవి. ఆ బావి కింద ఎకరా తడిపేవాడు. మా బోరు పడిన మూడేళ్ళకు, 2002 కరువులో, ఆయన బావి అడుగు కనిపించింది. మళ్ళీ నిండలేదు. అప్పుడు మా నాయన మంచి మనసుతోనే ఒక మాట అన్నాడు: "పైపు నీ చేలోకి ఏస్తాలే. పంటలో మూడో భాగం నాది."

ఇందులో గమనించవలసింది ఒకటున్నది. ఆ పైపు మామ చేలోకి పోయేటప్పుడు ఎవరూ కులం అడగలేదు. బావి గట్టు మీద అత్తకు దొరకని నీళ్ళు, మూడో భాగం ఒప్పుకోగానే ఆమె చేను మధ్యకు వచ్చి పారినవి. అంగడి పాత కట్టుబాట్లను తెంచుతుందని మనం పుస్తకాల్లో చదువుకున్నదే. అది నేను నా కళ్ళతో చూశాను. అయితే, తెంచిన తావునే అది మరొక ముడి వేస్తుందన్నది కూడా పుస్తకాల్లో వున్నదే. ఆ ముడి మాత్రం నాకు కనిపించటానికి ఇరవై ఏళ్ళు పట్టింది.

మా ప్రాంతంలో నేల కింద వున్నది రాతి పొర. నీళ్ళు ఇసుకలోలాగా అంతటా పరచుకుని వుండవు. రాళ్ళ పగుళ్ళలో, సందుల్లో నిలిచి, ఆ సందుల వెంబడే పారుతవి. ఒక చేలో లోతుగా తవ్వి లాగితే, పక్క చేలో పైనున్న నీళ్ళు ఆ దారిన దిగిపోతవి. దీనికి గట్టులేదు, హద్దురాయి లేదు. ఈ సంగతి తెలిసి మామ బావిని మళ్ళీ తలుచుకుంటే, లెక్క ఇట్లా తేలింది: ఆయన బావిలోని నీళ్ళను మేము మా బోరులోకి లాక్కున్నాం. లాక్కుని, మూడో భాగం పంటకు ఆయనకే అమ్మాం. ఆయన తన నీళ్ళను తానే కొనుక్కున్నాడు. మా నాయన దొంగకాడు. ఊళ్ళో ఆయనకు మంచివాడని పేరు. చట్టం కూడా ఆయన పక్షానే వున్నది. 1882నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం, నిర్దిష్టమైన కాలువగా పారని భూగర్భజలాన్ని తన హద్దుల్లో సేకరించుకుని వాడుకునే హక్కు భూమి యజమానిది. భూమి వున్నవాడికి నీళ్ళున్నవి. లోతుకు పోగల డబ్బున్నవాడికి పక్కవాడి నీళ్ళు కూడా వున్నవి.

మూడో భాగం కింద ఏటేటా వచ్చిన శెనక్కాయ మూటలు నాయన పద్దుల పుస్తకంలో రాసి వున్నవి. నాయన పోయినాక ఆ పుస్తకం నా దగ్గరకు వచ్చింది. ఒక పేజీలో "పక్క చేను - 7 మూటలు" అనీ, దాని కిందే "పాప హాస్టలు" అనీ వున్నది. నేను తెలుగులో ఎం.ఏ. చదివినది ఆ మూటలతో. విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట' మీద తరగతిలో వ్యాసం రాసి, రంగడి కష్టాలకు కన్నీళ్ళు పెట్టుకుని, మంచి మార్కులు తెచ్చుకున్నదీ ఆ మూటలతోనే.

ఇక ఆర్థికవేత్తల వాదన చూద్దాం. దాన్ని వినకుండా కొట్టివేయటం మనవాళ్ళలో ఒక అలవాటుగా వున్నది. అది మంచి అలవాటు కాదు.

1992 జనవరిలో డబ్లిన్‌లో జరిగిన సమావేశం, నీటిని ఒక ఆర్థిక వస్తువుగా గుర్తించాలని ప్రకటించింది. దాని వెనక వున్న తర్కం తేలికైనది. ఊరికే వచ్చేదాన్ని ఎవరూ పొదుపు చేయరు. ధర వుంటే పొదుపు చేస్తారు. అమ్ముకునే హక్కు వుంటే, తక్కువ ఫలితానికి ఎక్కువ నీళ్ళు పోసేవాడు మానుకుని, ఎక్కువ ఫలితం తీసేవాడికి అమ్ముతాడు. ఇద్దరూ బాగుపడతారు, నీళ్ళూ మిగులుతవి.

ఈ తర్కం ఆస్ట్రేలియాలో కొంతమేరకు రుజువైంది. అక్కడ ముర్రే-డార్లింగ్ నదీలోయలో 1995లో మొదట ఒక గరిష్ఠ పరిమితి పెట్టారు. ఇంతకంటే నీళ్ళు తీయటానికి వీలులేదన్నారు. తరువాత నీటి హక్కును భూమి హక్కునుంచి వేరుచేశారు. నమోదు పుస్తకాలు పెట్టారు, మీటర్లు పెట్టారు. 1997నుంచి 2009దాకా సాగిన గొప్ప కరువులో, వరి రైతులు ఆ ఏటి నీళ్ళను అమ్ముకుని పంట మానుకున్నారు. ద్రాక్ష, పండ్లతోటలవాళ్ళు కొనుక్కుని చెట్లను బతికించుకున్నారు. సేద్యపు నీళ్ళు విపరీతంగా తగ్గినా, పంటల విలువ ఆ మేరకు పడిపోలేదు. ఇది చిన్న విషయం కాదు. ఎండిపోయిన చీనీ చెట్టును గొడ్డలితో నరికిన రైతు ఇంట పుట్టినదాన్ని, దాని విలువ నాకు తెలుసు.

కాని ఆ కథలోనే మరికొన్ని పేజీలున్నవి. హక్కులు పంచేటప్పుడు అప్పటికే ఎవరు ఎంత వాడుకుంటున్నారన్నదే కొలత అయింది. ఆ నదుల ఒడ్డున వేల ఏళ్ళుగా వున్న ఆదివాసులకు దక్కినది ఒక శాతం లోపు. సేద్యం చేయని పెట్టుబడిదారులు కూడా నీళ్ళు కొని అమ్మసాగారు. దళారులమీద సరయిన కట్టడి లేదనీ, బేరాలమీద నమ్మకం సన్నగిల్లిందనీ 2021లో ఆ దేశపు పోటీ, వినియోగదారుల సంఘమే తన విచారణలో తేల్చింది.

చిలీ కథ ఇంకా స్పష్టమైనది. 1981లో, పినోచెట్ నియంతృత్వం కింద, నీటి హక్కును భూమినుంచి వేరుచేసి, శాశ్వతమైన ఆస్తిగా ఇచ్చి, అమ్ముకోవచ్చునన్నారు. అడిగినవాళ్ళకు ఊరికే ఇచ్చారు. అడగటం తెలిసినవాళ్ళకు దక్కింది. పెటోర్కా లోయలో ఎగుమతికోసం వేసిన అవకాడో తోటలు కొండలమీద పచ్చగా వుంటే, కింద ఊళ్ళలో జనం ట్యాంకర్లకోసం ఎదురుచూశారు. మనుషులు తాగటానికి ప్రథమ స్థానమని ఆ చట్టంలో రాసుకోవటానికి 2022దాకా పట్టింది.

ఈ రెండు దేశాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. సంత బాగా పనిచేసినచోట, సంతకు ముందు మరొకటి వున్నది: మొత్తం ఎంత తీయవచ్చో నిర్ణయించి, దానికి అందరినీ కట్టివేసే శక్తి. ఆ శక్తి సంతలో పుట్టదు. సంత దాన్ని అరువు తెచ్చుకుంటుంది.

మా ఊళ్ళో ఆ శక్తి లేదు. 2002లో మన రాష్ట్రంలో నీరు, నేల, చెట్టు చట్టం వచ్చింది. బావులు నమోదు కావాలన్నది, కొత్త బోరుకు అనుమతి కావాలన్నది. మా ఊరికి వచ్చే రిగ్గు లారీకి మాత్రం దారి తప్ప మరేదీ అక్కరలేకపోయింది. 2004నుంచి రైతు మోటారుకు కరెంటు ఉచితం. అంతకు ముందు కూడా మోటారు సామర్థ్యాన్నిబట్టి ఏడాదికింత అని కట్టటమేగాని, వాడినకొద్దీ కట్టటం లేదు. ఈ స్థితిలో నీళ్ళకు ధర వస్తే ఏమవుతుంది? మామ ధర ఇస్తున్నాడు గనుక పొదుపుగానే వాడాడు. చాళ్ళలో పారే నీళ్ళకు మట్టి అడ్డంవేసి ఒక్కొక్క చెట్టుకూ మళ్ళించేవాడు. కాని మా నాయన? ఎన్ని గంటలు మోటారు తిరిగితే అంత లాభం. రాత్రి రెండు గంటలకు కరెంటు వచ్చినా లేచి స్టార్టరు నొక్కేవాడు. ధర కొనేవాణ్ణి పొదుపరిని చేస్తుందన్నది నిజమే. అమ్మేవాణ్ణి ఏమి చేస్తుందన్నది పాఠ్యపుస్తకంలో రెండో పేజీ. ఆ పేజీ ఎవరూ తిప్పరు. 280 అడుగుల బోరు 2009లో ఎండింది. తరువాతిది 600. ఇప్పుడున్నది 900. రెండించులు ముప్పాతిక ఇంచు అయినవి.

2011లో మామ చేను బీడుపెట్టి బెంగుళూరు పోయాడు. అక్కడ కట్టుబడి పనుల్లో గోడలకు నీళ్ళు కొట్టే పని దొరికింది. 2024 వేసవిలో అక్కడ బోర్లు ఎండి, ట్యాంకర్ల ధరలు మిన్నంటి, చివరకు జిల్లా యంత్రాంగమే ధర కట్టవలసివచ్చినప్పుడు, ఆ పని కూడా కొన్నాళ్ళు ఆగిపోయిందని అత్త చెప్పింది.

వర్తకం అంటే నీళ్ళ వర్తకం ఒక్కటే కాదు. లండన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన టోనీ అలన్ 1990ల మొదట్లో ఒక మంచి ఆలోచన చెప్పాడు. ధాన్యం కొన్న దేశం, ఆ ధాన్యం పండటానికి పట్టిన నీళ్ళను కూడా కొన్నట్టే. ఎడారి దేశాలు నీళ్ళకోసం యుద్ధాలు చేసుకోకుండా గోధుమలు దిగుమతి చేసుకుంటున్నవని ఆయన చూపించాడు. ఈ 'కంటికి కనపడని నీళ్ళ' సిద్ధాంతానికి 2008లో స్టాక్‌హోం నీటి బహుమానం వచ్చింది. ఆ లెక్కన కిలో బియ్యానికి, వాననీటితో సహా, ప్రపంచ సగటున సుమారు 2,500 లీటర్లు.

నేను ఈ లెక్కను మా ఊరికి వర్తింపచేసి చూశాను. నలుగురున్న కుటుంబానికి నెలకు 20 కిలోల చౌకబియ్యం వస్తే, దానితోపాటు వచ్చిన నీళ్ళు 50,000 లీటర్లు. అంటే పది ట్యాంకర్లు! ఎక్కడో కృష్ణా గోదావరి కాలువల కింద పారిన నీళ్ళు, 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం మొదలైననాటినుంచి, ఏ పైపూ లేకుండా కరువు పల్లెల్లోకి వస్తూనే వున్నవి. మరి మా ఊరినుంచి పోయేవి? చీనీకాయలు లారీలకెక్కి ఉత్తరాది నగరాలకు పోతవి. ఆ రసంలో మా 900 అడుగుల నీళ్ళున్నవి. ఒక దారిన వచ్చే నీళ్ళు ఆకలిని చూసి వస్తున్నవి, మరొక దారిన పోయే నీళ్ళు డబ్బును చూసి పోతున్నవి. రెండూ వర్తకమే, రెంటిలోనూ నీళ్ళు ఒకచోటినుంచి మరొకచోటికి కదిలినవి. తేడా అల్లా, ఎటు కదలాలో ఎవరు నిర్ణయించారన్నది.

ఇక్కడ మన మిత్రులతో నాకొక పేచీ వున్నది. 'నీరు సరుకు కాదు' అని మనం గోడలమీద రాస్తాం, సభల్లో తీర్మానిస్తాం. 2000లో బొలీవియాలోని కొచబాంబా ప్రజలు వీధుల్లోకి వచ్చి, నీళ్ళ సరఫరాను విదేశీ కంపెనీల కూటమినుంచి వెనక్కు తీసుకున్నారు. అది మనం గర్వించదగిన పోరాటమే. కాని మన ఊళ్ళలో నీళ్ళు ఎప్పుడో సరుకయినవి, అదీ ఏ విదేశీ కంపెనీ రాకుండానే. అమ్మేది మా నాయన, కొనేది మామ. ఉచిత కరెంటును మనం రైతు హక్కుగా సమర్థించాం. అప్పుల్లో మునిగిన రైతుకు అది అవసరమే. కాని బోరు లేనివాడికి ఆ ఉచితంలో భాగమేమిటని మనం అడిగామా? 'సరుకు కాదు' అన్న నినాదం, సరుకుగా అమ్ముకుంటున్నవాడికి కూడా హాయిగానే వుంటుంది. వాడి లెక్కలు అడిగేవాడు వుండడు గనుక.

మహారాష్ట్రలో, 1972 కరువు తరువాత, పూణే జిల్లా పురంధర్ తాలూకా నాయ్‌గావ్‌లో విలాస్‌రావ్ సాళుంఖే పానీ పంచాయతీ అని ఒకటి నడిపాడు. దాని నిబంధనలు కొద్ది. నీళ్ళ వాటా భూమినిబట్టి కాదు, మనుషులనుబట్టి: తలకు అరెకరా తడి, కుటుంబానికి రెండున్నర ఎకరాలకు మించకూడదు. చెరకు వేయకూడదు. భూమి అమ్మితే నీళ్ళ వాటా దాని వెంట పోదు. భూమిలేనివాళ్ళకు కూడా వాటా వుంటుంది.

ఇది చదివినప్పుడు నేను ఉలిక్కిపడ్డాను. నీటిని భూమినుంచి వేరుచేయటం పినోచెట్ చేసిన పనే కదా! ఔను, అదే పని. చిలీలో భూమినుంచి విడదీసిన నీళ్ళను డబ్బుకు కట్టారు, నాయ్‌గావ్‌లో మనిషికి కట్టారు. కనుక మన పోరు బేరంతో కాదు, బేరానికి ముందు జరిగే, లేక జరగని, పంపకంతో. మామకు తలలెక్కన వాటా వుండి, ఆ వాటాలో కొంత ఒక ఏడు ఆయనే మా నాయనకు ఇచ్చి వుంటే, ఆ పద్దుల పుస్తకంలో మూటలు ఎటునుంచి ఎటు నడిచేవో ఊహించండి. అది కూడా వర్తకమే అయ్యేది. దానిని నేను తప్పుపట్టేదాన్ని కాదు.

దీనికి కొలత కావాలి. మన రాష్ట్రంలోనే, ఈ శతాబ్దపు మొదటి దశకంలో, ఏడు కరువు జిల్లాల రైతులు తమ బావుల్లో నీటిమట్టం తామే కొలిచి, వానలు పోయినాక ఊళ్ళో కూర్చుని, ఇన్ని నీళ్ళున్నవి, ఇన్ని ఎకరాలకు సరిపోతవి అని లెక్కలు వేసుకున్నారు. ఎవరినీ బలవంతపెట్టే అధికారం ఆ లెక్కకు లేదు. అది దాని లోపం. కాని నేల కింద వున్నది అందరికీ ఒకటే చెరువని రైతులు తమ చేత్తో రాసుకున్నారు. ఆ మాట 1882 చట్టంలో లేదు.

ఈ మాటలన్నీ నేను అన్నతో ఇట్లా చెప్పలేదు. రెండు వారాల తరువాత ఊరికి వెళ్ళాను. ఆదివారమంతా ఇద్దరం చేలవెంట తిరిగి బోర్లు లెక్కపెట్టాం. మా ఊరి పొలిమేరలో మొత్తం 63. నీళ్ళు వస్తున్నవి 19. తక్కినవాటిలో కొన్నిటిమీద గోనెసంచి, రాయి కప్పి వున్నవి, కొన్నిటిమీద అదీ లేదు. మామ బావి పక్కన నిలబడి, నాయన పద్దుల పుస్తకం తీసి అన్నకు చూపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు:

"నేను అమ్మనులే పాపా. కానీ మనం అమ్మకపోతే ఆయనకు ఇంకో బోరు దొరకదా?"

దొరికింది. రెండు చేల అవతలి బోరునుంచి ట్యాంకరు వారంలోపే తోలటం మొదలుపెట్టింది. ఆ నెలాఖరుకు మా బోరు కూడా గంటకోసారి గాలి కక్కసాగింది. మేము అమ్మకపోయినా, మా నీళ్ళు అమ్ముడుపోయినవి. మామ బావికి జరిగింది మాకు జరిగింది.

ఇప్పుడు అన్న ఆ 63 బోర్ల జాబితా పట్టుకుని ఇంటింటికీ తిరుగుతున్నాడు. దసరా తరువాత గ్రామసభలో పెడతానంటున్నాడు. బోరున్న 19 మందీ ఒప్పుకుంటారన్న ఆశ ఆయనకు లేదు. బోరు ఎండినవాళ్ళూ, ఎన్నడూ బోరు లేనివాళ్ళూ అంతకంటే చాలా ఎక్కువమంది వున్నారన్నది మాత్రం జాబితా చూసినాకనే ఆయనకు తట్టింది. మామ పేరు కూడా అందులో రాయమన్నాను. ఊళ్ళో లేనివాడికి వాటా ఏమిటని ఒకరిద్దరు అప్పుడే అడిగారట.

మొన్న ఫోనులో అన్న నన్ను మరొకటి అడిగాడు. "ఊళ్ళో లెక్క నేను అడుగుతా. నీ ఇంటికొచ్చే ట్యాంకరు ఏ ఊరిదో నువ్వు అడిగినావా?"

ఈసారి ట్యాంకరు వచ్చినప్పుడు అడిగాను. డ్రైవరు కుర్రవాడు నావైపు వింతగా చూసి, ఊరి పేరు చెప్పాడు. మా ఊరికి నాలుగు మైళ్ళు.